రాతి మీద ఇద్దరే

పాలెం, చాట్రాయి మండలం
12 ఫిబ్రవరి 2023

ఒరేయ్ జయకర్,

నీకూ మెర్సీకీ ప్రభువు కృప తోడుండుగాక. దీవెన అయిపోయింది, ఇక తిట్లు.

అక్క ఫోన్ ఎందుకు ఎత్తట్లేదని నా తోట చూసే గంగరాజుకి ఫోన్ చేసి అడిగావట. ఎత్తను. క్రిస్మస్ నాడు నేను మాట్లాడుతుండగానే ఠపీమని పెట్టేశావు చూడు, ఆ రోజే అనుకున్నాను, వీడితో మాట్లాడాలంటే ఇక కాగితమే దిక్కని. కాగితాన్ని మధ్యలో పెట్టేయడం కుదరదు. చింపినా చదివాకే చింపుతావు. ముప్ఫై ఆరేళ్లు ఈ మండలంలో పిల్లలకి అక్షరాలు దిద్దించినదాన్ని, నా చేతిరాత అర్థం కాలేదని కూడా అనలేవు.

నీ టూర్ కాగితం అందింది. 'సైనిక చరిత్ర యాత్ర' అట. మాజీ సైనికులు ముప్ఫై ఎనిమిది మంది, ఏసీ బస్సు. ఏప్రిల్ 28 కొండపల్లి ఖిల్లా, 29 మన పాలెం, 30 బందరు కోట, మే ఒకటి ఇంటికో సైనికుడున్న మాధవరం. బుద్ధి ఉన్నవాడెవడైనా ఏప్రిల్ ఆఖర్లో డెబ్భై ఏళ్ల వాళ్లని ఖిల్లా ఎక్కిస్తాడా? తెలుసులే, మామిడిపళ్ల ఆశ చూపించి ఉంటావు. ఈ ఏడు పూతకి నల్ల తామర పురుగు పట్టింది. మీరొచ్చేసరికి చెట్టున కాయ ఉంటుందో ఆకులే ఉంటాయో చెప్పలేను.

చావడి గోడలో ఉన్న మన తెల్లరాయిని చూడటానికి బస్సు కట్టుకుని వస్తున్నారంటే మొదట సంతోషించాను. '1914–1919 యుద్ధమునకు ఈ గ్రామము నుండి తొమ్మిదిమంది వెళ్లిరి. వారిలో ఇద్దరు ప్రాణములు అర్పించిరి.' పేర్లు లేవు, అంకెలే. నువ్వు దానికి చేరగిలబడి గోళీలాడేవాడివి. దాన్ని చూసి పొండి, నాకేం అభ్యంతరం లేదు.

కాగితం రెండో పేజీ చూశాకే ఒళ్లు మండింది. మధ్యాహ్నం భోజనం లక్ష్మీనరసింహారావు గారి తోటలో. ఆయన చేతుల మీదుగా కొత్త గ్రానైట్ పలక ఆవిష్కరణ. పలక మీద 'వీరమరణం పొందినవారు: సువర్ణరాజు, చిన్నరాయప్ప' అని పేర్లు. చిన్నరాయప్ప మన తాత. ఆయన పేరు ఎక్కడైనా చెక్కించే ముందు నన్నొక మాట అడగాలని తోచలేదా నీకు?

నేను చెప్పేది రెండే ముక్కలు. భోజనం తోటలో వద్దు. చర్చి వెనక పందిరి వేయించి ముప్ఫై ఎనిమిది మందికీ నేనే వండిస్తాను. పేర్ల పలక వద్దు, రాయి ఎలా ఉందో అలాగే ఉండనీ. ఎందుకని అడక్కు.

నీ అక్క,
తబితా
(ఇంకా బతికే ఉన్నాను. అడిగి పనులు చేయొచ్చు.)


అల్వాల్, సికింద్రాబాద్
21 ఫిబ్రవరి 2023

అక్కకి వందనాలు.

ఉత్తరం రాయడం నాకు బోర్డర్‌లో ఉన్నప్పుడే ఆఖరు. నీ మొండితనం వల్ల మళ్లీ పెన్ను పట్టాను. మెర్సీ పక్కన కూర్చుని నవ్వుతోంది.

ఎందుకని అడక్కు అన్నావు. అడగను. నాకు తెలుసు కాబట్టి. ఆహ్వానం కార్డులో నీ పేరు లేదు, అదీ నీ బాధ. తప్పే, ఒప్పుకుంటున్నాను. 'పూలమాల సమర్పణ: శ్రీమతి తబితా, రిటైర్డ్ ఉపాధ్యాయిని' అని వేయించమని ప్రెస్సువాడికి చెప్పాను. ఇక శాంతించు.

తోట సంగతి. నాన్నకి వాళ్లు తోట కౌలుకి ఇవ్వలేదని నీకు యాభై ఏళ్ల పగ. స్కూల్లో పాఠాలు చెప్పడానికి వెళ్లేటప్పుడు కూడా ఆ గేటు ముందు నుంచి నడవకుండా కాలవగట్టు మీద చుట్టూ తిరిగి వెళ్లేదానివి, నాకు గుర్తులేదనుకోకు. అక్కా, ఆ పెద్దవాళ్లెవరూ ఇప్పుడు లేరు. లక్ష్మీనరసింహారావు గారు చాలా మర్యాదస్తులు. నేను అడక్కముందే షామియానా, వంటవాళ్లు, తాగడానికి చల్లటి నీళ్లు అన్నీ నాదే బాధ్యత అన్నారు. 'మీ తాతగారు మన ఊరికి గర్వకారణం అండీ' అన్నారు. ఆ మాట మన ఊళ్లో ఒక తోట ఆసామి నోట వినడానికి నాకు అరవై మూడేళ్లు పట్టింది. దాన్ని కూడా చెడగొడతావా?

ఇక పేర్లు. గంగరాజు ఫోన్‌లో తన పెద్దతాత పిచ్చయ్య కూడా ఆ యుద్ధంలోనే పోయాడని, ఆ పేరు కూడా వేయమని బతిమాలాడు. ప్రూఫ్ ఏదంటే లేదు. రాతి మీద ఇద్దరని ఉంది. ఇద్దరంటే ఇద్దరే. సువర్ణరాజు ఇంట్లో పింఛను కాగితం ఉంది. రెండోవాడు మన బస్రా తాత, అరబ్బు దేశంలో పోయినవాడు. మూడోవాడికి చోటు లేదని చెప్పేశాను.

నేను పద్దెనిమిదేళ్లకి ఫౌజులో చేరింది ఆ తాత పేరు చెప్పుకునే. ఆయనకి సమాధి లేదు, ఫొటో లేదు. ఒక రాయి మీద పేరుండాలని నేను కోరుకోవడం తప్పా?

నీ తమ్ముడు,
జయకర్, సుబేదార్ (రిటైర్డ్)


పాలెం
5 మార్చి 2023

జయకర్,

పూలమాల నీ మెడలోనే వేసుకో. కార్డులో పేరు కోసం ఏడిచేదాన్నా నేను? ఉత్తమ ఉపాధ్యాయిని అవార్డు ఇస్తామని కలెక్టరాఫీసుకి రమ్మంటే, పరీక్షలున్నాయని వెళ్లనిదాన్ని. నన్ను ఇంత చవకగా అంచనా వేశావు చూడు, దానికి మండుతోంది.

గంగరాజు సంగతి చెబుతాను. నా రెండెకరాల తోట చూసేది అతనే కదా. నీతో ఫోన్‌లో మాట్లాడిన మర్నాడు కాయలకి కవర్లు కట్టడానికి రాలేదు. రెండో రోజు వచ్చి నిచ్చెన దింపకుండా చెట్టు మొదట్లో కూర్చున్నాడు. ఏంటయ్యా అంటే, 'టీచర్ గారూ, మా పెద్దతాత ఎటు పోయినట్టండీ మరి? బండెక్కి వెళ్లినవాడు రాలేదండీ. సచ్చాడని సర్కారోళ్లు చెప్పారండీ. ఇప్పుడు మీ తమ్ముడుగారు చోటు లేదంటన్నారండీ' అన్నాడు. అరవై ఏళ్ల మనిషి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ప్రూఫ్ అంటున్నావు. వాళ్ల ఇంట్లో ఒక కంచు బిళ్ల ఉండేదట, టీ సాసరంత. దాని మీద చేతిలో దండ పట్టుకున్న ఆడమనిషి, పక్కన సింహం, అంచున ఇంగ్లీషు అక్షరాలు. కరువు కాలంలో వాళ్ల నాయనమ్మ పాతసామాన్లవాడికి ఇచ్చేసి చెంబు తీసుకుందట. ఆ చెంబు ఇప్పటికీ ఉంది, తెచ్చి చూపించాడు. చదువురాని మనిషి సింహాన్నీ దండనీ ఎక్కణ్ణుంచి కల్పిస్తాడు?

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఎవరి చావునో తెచ్చి మన తాతకి కట్టబెట్టకు. ఆపెయ్ ఆ పలక.

తోట గురించి నేను రాసింది రాసినట్టే. కౌలూ కాదు, పగా కాదు. ఆ తోటలో మన ఇంటి పేరు చెప్పి ఒక్క మెతుకు తిన్నా నేను నీ మొహం చూడను.

తబితా


అల్వాల్
18 మార్చి 2023

అక్కా,

నీ ఉత్తరం చదివి బీపీ మాత్ర వేసుకున్నాను.

కంచు బిళ్లలు ఏ సంతలో అయినా దొరుకుతాయి. సింహం బొమ్మ ఉంటే సైనికుడైపోతాడా? నీ తోట చూస్తాడు కాబట్టి గంగరాజు మీద నీకు జాలి. పరాయివాడి పెద్దతాత మీద ఉన్న ప్రేమ సొంత తాత మీద లేదు.

గ్రానైట్ చెక్కడం అయిపోయింది. కార్డులు పంచేశాను. ఒక కల్నల్ గారు కూడా వస్తున్నారు. ఇప్పుడు ఆపేస్తే, నలభై ఏళ్లుగా బస్రా తాత అని చెప్పినవాడు అబద్ధాలకోరని నన్నంటారు. నువ్వు కోరుకునేది అదేనా? చిన్నప్పటి నుంచీ అంతే, నేను తల ఎత్తిన చోటల్లా మొట్టికాయ వేయాలి నీకు.

ఒక్కటి అడుగుతాను, గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పు. ఈస్టర్ వస్తోంది. ఎప్పటిలాగే అమ్మ సమాధికీ నాన్న సమాధికీ సున్నం కొట్టిస్తావు. వాటితో పాటు తుమ్మచెట్టు కింద ఉన్న పేరులేని దిబ్బకి కూడా కొట్టించి, తెల్లవారుజామున కొవ్వొత్తి పెడతావు. ఎవరిదే అది అంటే 'దిక్కులేనివాడిది' అంటావు. దిక్కులేనివాడికి ఏటేటా సున్నం, కొవ్వొత్తి! దేశంకాని దేశంలో ప్రాణం పోగొట్టుకున్న సొంత తాతకి మాత్రం రాతి మీద నాలుగు అక్షరాలు కూడా వద్దు! ఇదేం న్యాయం?

నేను రావుగారికి మాటిచ్చాను. భోజనం తోటలోనే. నువ్వు వస్తే రా, లేకపోతే మానెయ్.

జయకర్


పాలెం
10 ఏప్రిల్ 2023, ఈస్టర్ మర్నాడు

జయకర్,

నిన్న తెల్లవారుజామున సమాధుల దగ్గర పాట పాడుతూ నీ ఉత్తరమే గుర్తుచేసుకున్నాను. పాట మధ్యలో ఆపి పుస్తకం మూసేశాను. అందరూ అమ్మ గుర్తొచ్చిందనుకున్నారు. నాకొచ్చింది కోపం. నీ మీద, నా మీద, చచ్చిపోయిన నాయనమ్మ మీద కూడా.

గుండె మీద చెయ్యి వేసుకోమన్నావు కదా. వేసుకున్నాను. కుర్చీలో కూర్చుని చదువు.

తుమ్మచెట్టు కింద ఉన్నది మన తాతే. చిన్నరాయప్ప.

ఆయన బస్రాలో చావలేదు. వెళ్లిన తొమ్మిది మందిలో ఏడుగురు తిరిగొచ్చారు, వాళ్లలో ఆయనొకడు. 1920లో, కాయ కోతకొచ్చే రోజుల్లో, నూజివీడు నుంచి నడిచి వచ్చాడట. ఒంటి మీద సర్కారు కోటు, కాళ్లకి సర్కారు బూట్లు. నాన్నకి అప్పుడు నాలుగేళ్లు. ఎవరో దొర వచ్చాడని తలుపు చాటుకి పోయాడట.

ఆ రోజుల్లో తోట గేటు ముందు నుంచి వెళ్లాలంటే మనవాళ్లు చెప్పులు చేతిలో పట్టుకుని వెళ్లాలి. తాత చేతిలో పట్టుకోలేదు. రెండు రోజులు బూట్లతోనే టకటకలాడించుకుంటూ నడిచాడు. 'ఇవి నేను సంపాదించుకున్నవే, విప్పను' అన్నాడట. మూడో రోజు ఆసామి, అంటే మీ రావుగారి తాత, గేటు ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పాలేళ్ల చేత పట్టించి, బూట్లు విప్పించి, తాళ్లు ముడేసి మెడలో వేయించాడు. పెద్దరసం మామిడిచెట్టుకి కట్టించి, పొద్దుగూకేదాకా కొట్టించాడు. ఆ తర్వాత తాత పదకొండు రోజులు బతికాడు. నెత్తురు కక్కుకుని పోయాడు.

నాయనమ్మ నాతో అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. 'కాళ్లు వాచిపోయినయ్యే తబితా, బూట్లు పట్టలేదు. ఆముదం రాసి నా చేత్తో నేనే తొడిగాను. వాళ్లు విప్పించినయ్యి, నేను తొడిగి పంపించాను.' బూట్లతోనే పాతిపెట్టారురా మన తాతని.

మర్నాడే మునసబు చేత కబురు వచ్చింది. బస్రా రోగంతో పోయాడని చెప్పండి, లేకపోతే ఈ పాలెంలో ఎవడికీ తోటలో పని ఉండదని. దిబ్బ మీద పేరు పెట్టొద్దన్నారు. బస్రా రోగంతో పోయాడన్నది పోనుపోను బస్రాలోనే పోయాడని అయింది. తర్వాత సర్కారువాళ్లు రాయి పెట్టినప్పుడు వాళ్ల కాగితాల్లో లెక్క సరిగ్గానే ఉంది. ఇద్దరు. ఒకడు సువర్ణరాజు, ఇంకొకడు పిచ్చయ్య. ఆ చోటు గంగరాజు వాళ్లది.

1978లో నాయనమ్మ పోయే వారం ముందు నా చేయి బైబిలు మీద పెట్టించుకుని ఇదంతా చెప్పింది. నాలుగేళ్లప్పటిది గుర్తులేని నాన్నకి చెప్పొద్దంది, నాన్న అప్పటికీ ఆ తోటలోనే చిక్కం పట్టి కాయ కోస్తున్నాడు. నీకు అసలే చెప్పొద్దంది. 'జయకర్‌గాడు తాత పేరు చెప్పుకుని మిలిటరీకి పోతన్నాడు. ఇది ఇంటే కత్తి పట్టుకుని తోటకి పోతాడు' అంది. నిజమే కదా? పద్దెనిమిదేళ్ల వయసులో నువ్వు వెళ్లవా?

ఆమెకిచ్చిన మాట నిలబెట్టుకున్నాను. కాలవగట్టు మీద నడిచాను. సున్నం కొట్టించాను. ఇప్పుడు ఆ గేటు లోపల, ఆ చెట్ల కింద, నా తమ్ముడు విస్తరి వేసుకుని కూర్చుని, ఆ మనవడి చేత ఈ తాతకి వీరమరణం పలక తెరిపిస్తానంటే నోరు మూసుకుని ఉండలేను. మాట తప్పాను. దేవుడు నన్నడిగితే నీ పేరు చెబుతాను.

తబితా


అల్వాల్
16 ఏప్రిల్ 2023

అక్కా,

నీ ఉత్తరం అంది మూడు రోజులైంది. మెర్సీకి కూడా నిన్ననే చెప్పాను.

నీ మీద నాకు పట్టరాని కోపంగా ఉంది. నలభై ఐదేళ్లు! ప్రతి యూనిట్‌లో, ప్రతి మెస్సులో, కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ మా తాత బస్రాలో పోయాడని చెప్పాను. ప్రమాణం చేసే కసమ్ పరేడ్ రోజున కూడా ఆయన్నే తలుచుకున్నాను. నువ్వేమో వింటూ కూర్చున్నావు. సెలవుకి వచ్చి నాయనమ్మ లేని ఇంట్లో బస్రా కథ చెబుతుంటే, నువ్వు నాకు చారు పోస్తూ కూర్చున్నావు. కత్తి పట్టుకుని వెళ్లేవాడినా అంటే, వెళ్లేవాడినే. కానీ యాభై ఏళ్లకి? అరవైకి? అప్పుడైనా చెప్పాల్సింది కదా? నేను చచ్చాక చెబుతావా?

నా తప్పు కూడా రాస్తున్నాను, లేకపోతే ఈ ఉత్తరం నాకే అసహ్యంగా ఉంటుంది. గంగరాజు ఇంటి కంచు బిళ్ల గురించి నువ్వు రాసినప్పుడే నాకు తెలిసిపోయింది. దండ పట్టుకున్న ఆడమనిషి, పక్కన సింహం. ఆ యుద్ధంలో చనిపోయినవాడి ఇంటికి పంపేది ఆ బిళ్లే. మ్యూజియంలో చూశాను, ఆ మాట నేనే పదిమందికి వివరించి చెప్పాను కూడా. తెలిసే, సంతలో దొరుకుతుందని నీకు రాశాను. పిచ్చయ్య నిజమైతే మన తాత పేరు పోతుందని భయపడ్డాను. గంగరాజు ముందు తువ్వాలు మొహానికి పెట్టుకోవాల్సింది నేను.

బస్సు ఆగదు. ముప్ఫై ఎనిమిది మంది టిక్కెట్లు, సెలవులు, మందులు అన్నీ సర్దుకున్నారు. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు. ఈసారి ఎందుకని అడగను.

జయకర్


పాలెం
20 ఏప్రిల్ 2023

జయకర్,

నీ కోపం న్యాయమే. నాదీ న్యాయమే. రెండూ పక్కన పెట్టుకుని పని చూడు.

బస్సుని తోట గేటుకి అర కిలోమీటరు ముందు, కల్వర్టు దగ్గర ఆపించు. అందరూ దిగండి. చెప్పులూ శాండిల్స్ కాదు, బూట్లు వేసుకుని దిగమను. జరిగింది జరిగినట్టు వాళ్లకి చెప్పు, ఉప్పూకారం అద్దకు. ఆ గేటు ముందు నుంచి నడుచుకుంటూ సమాధుల దొడ్డికి రండి. నేను అక్కడే ఉంటాను. గేటు దగ్గరికి రాను, నా కాళ్లు అటు పడవు.

లక్ష్మీనరసింహారావుని తిట్టకు. అతను పుట్టకముందు మాట. పోయినేడు నాకు డెంగీ వస్తే కారు పంపి విస్సన్నపేట ఆసుపత్రికి చేర్చింది అతనే. అయినా అక్కడ తినం. ఆ సంగతి ముందే ఫోన్ చేసి మర్యాదగా చెప్పు. వండించాక వద్దనడం మన పద్ధతి కాదు.

గ్రానైట్ పలక తెరవొద్దు. బస్సులోనే ఉంచు.

తబితా


అల్వాల్
3 మే 2023

అక్కా,

శనివారం సమాధుల దగ్గర నువ్వు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. వచ్చినవాళ్లని వేలితో లెక్కపెట్టావు. ఇరవై మూడని తేలాక మొహం తిప్పుకున్నావు. ముప్ఫై ఎనిమిది మందికీ చెప్పే ధైర్యం నాకు లేకపోయిందని నువ్వు అనుకున్నావు, నాకు తెలుసు. అసలు జరిగింది ఇది.

మొదట నా తప్పు. నువ్వు ముందే ఫోన్ చేయమన్నావు. నాలుగుసార్లు నంబరు నొక్కి పెట్టేశాను. ఆయన 'జయకర్ గారూ, పనసకాయ కూర చేయిస్తున్నామండీ' అని మెసేజ్ పెడుతుంటే నోరు రాలేదు. మూడు యుద్ధ రంగాలు చూసినవాడిని, ఒక మర్యాదస్తుడికి వద్దని చెప్పలేకపోయాను. తిట్టు, పడతాను.

కల్వర్టు దగ్గర బస్సు ఆపి అందరికీ చెప్పాను. రాత్రి వాన పడి దారంతా రాలిన పచ్చికాయలు. మొదట కల్నల్ గారే అన్నారు, 'సుబేదార్ సాబ్, విచారకరమే. కానీ ఇది మిలిటరీ హిస్టరీ కాదు, ఊరి గొడవ' అని. నాకెక్కడ లేని కోపం వచ్చింది. 'ఆ బూట్లు ఆర్మీ ఇచ్చినవి సార్. ఆర్మీ బూట్లు వేసుకున్నందుకు చంపారు. ఇది మిలిటరీ హిస్టరీ కాకపోతే కొండపల్లిలో మనం నిన్న చూసింది ఏంటి సార్?' అన్నాను. జీవితంలో ఒక కల్నల్‌కి ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

నడిచాం. గేటు దగ్గర రావుగారు పూలదండలు పట్టించుకుని నిలబడి ఉన్నారు. వెనక షామియానా, పెద్దరసం చెట్ల కింద బల్లలు, వేడివేడి అన్నం వాసన. నేను ఆగి, చేతులు జోడించి చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. 'మా తాతగారు చేసినదానికి నన్ను నలుగురిలో నిలబెడతారా అండీ? పిలిచి భోజనం పెట్టడం నా తప్పా?' అన్నారు. కోపంతోనే.

'మీ తప్పు కాదండీ. మా తాతదీ తప్పు కాదండీ' అన్నాను.

కల్నల్ గారు పిలిచినవాడి మర్యాద కాపాడాలని లోపలికి వెళ్లారు. ఆయన వెనక పద్నాలుగు మంది వెళ్లారు. కొందరికి షుగరు, కొందరికి ఎండ, కొందరికి నా మాట నచ్చలేదు. ఇరవై ఏళ్లు నాతో ఒక మెస్సులో తిన్నవాళ్లూ ఉన్నారు అందులో. వాళ్లతో నాకు ఇక పలకరింపులు లేవు. మిగతా ఇరవై ముగ్గురం నడిచాం. ఎవరూ కమాండ్ ఇవ్వలేదు, అయినా అడుగు కలిసింది. ఆ మట్టి దారిలో ఆ చప్పుడు విని గంగరాజు నీ తోటలోంచి పరుగెత్తుకొచ్చి, మా వెనక నడిచాడు. మెడలో తువ్వాలు తీసి చేత పట్టుకుంటే నేనే మళ్లీ భుజాన వేశాను.

మలుపులో వెనక్కి చూశాను. రావుగారు గేటు మూయలేదు. పూలదండలు పక్కవాడికిచ్చేసి అలాగే నిలబడి ఉన్నారు. అది కోపమో మరింకేదో నాకు తెలియలేదు.

తుమ్మచెట్టు కింద మా వాళ్లు సెల్యూట్ చేసినప్పుడు నువ్వు అటు తిరిగి కొంగు నోట్లో కుక్కుకున్నావు. అది చూశాను. చాలు.

తప్పు పేరు చెక్కిన పలక నా ఇంట్లో మంచం కింద ఉంది. దాన్ని ఏం చెయ్యమంటావు?

జయకర్


పాలెం
9 మే 2023

తమ్ముడూ,

ఇరవై మూడు చూసి మొహం తిప్పుకున్నది నిజం. నిన్ను అనుమానించినదీ నిజం. ఆ పదిహేను మందినీ ఇప్పుడు తిట్టుకున్నాను, అన్నం అరిగి ఉంటుందిలే.

ఫోన్ చేయకుండా వండించిన అన్నం వదిలేసి వచ్చినందుకు మాత్రం నిన్ను క్షమించను. అది వేరే ఖాతా.

నిన్న రావుగారి ఇంటి నుంచి బుట్టెడు చిన్నరసాలు వచ్చాయి. చీటీ లేదు, మాట లేదు. వెనక్కి పంపించాను. 'ఎందుకండీ టీచర్ గారూ, పళ్లేం చేసినయ్యండీ' అన్నాడు గంగరాజు. పళ్లేం చేయలేదు. నాకే ఇంకా చల్లారలేదు. వచ్చే ఏడు పంపితే అప్పుడు చూస్తాను.

మొన్న ఆదివారం చర్చికి గేటు దారినే వెళ్లాను, చెప్పులతో. గేటు తీసే ఉంది. అరవై తొమ్మిదేళ్లకి, చెప్పులు చప్పుడు చేసుకుంటూ నడిచాను. ఎక్కడా ఆగలేదు.

పలక పారేయకు. బోర్లించి రెండో వైపు చెక్కించు. 'సువర్ణరాజు, పిచ్చయ్య' అని. చావడిలో రాయి కింద పెట్టేది గంగరాజు. ఎవరూ ఆవిష్కరించనక్కర్లేదు, సిమెంటు కలపడం అతనికి వచ్చు.

తుమ్మచెట్టు కిందకి ఇంకొక రాయి కావాలి. దాని మీద రాయాల్సింది, నాయనమ్మ పేరుతో సహా, కింద రాస్తున్నాను. పొడుగైంది, కుదిద్దామని మేస్త్రీ అంటాడు. ఒక్క మాట కూడా కుదించనివ్వకు. నూట మూడేళ్లు కుదించింది చాలు.

చిన్నరాయప్ప.
లేయా భర్త.
బస్రా యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగి వచ్చాడు.
1920లో సొంత ఊళ్లో, తోట గేటు ముందు బూట్లు వేసుకుని నడిచినందుకు కొట్టి చంపారు.
బూట్లతోనే పడుకున్నాడు.

సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ చెయ్యి. ఎత్తుతాను. ఈసారి నేను పెట్టేదాకా నువ్వు పెట్టకు.

అక్క